గాలికబురు: నూజివీడు మామిడి సీమలో ఒక ఏడాది

ఆధారం లేని మాటను మనవారు గాలికబురు అంటారు. "అదంతా గాలికబురే" అని ఒకరన్నారంటే ఆ మాటను అంతటితో వదిలివేయవలసినదని అర్థం. కాని తెలుగునాట ఒక సీమలో గాలిని గురించి వచ్చే కబురును మించిన వార్త మరొకటి లేదు. చైత్రం వెళ్లి వైశాఖం వచ్చే రోజులలో, సాయంకాలం పడమటి దిక్కున మబ్బు నల్లబడినదంటే, ఆ సీమలో భోజనానికి కూర్చున్నవారు లేచి వాకిట్లోకి వస్తారు. అది నూజివీడు మామిడి సీమ. ఆ సీమ ఊళ్లలో ఏడాది పొడుగునా ఏమేమి జరుగుతుందో, అక్కడివారు దేనిని వార్త అంటారో, ఈ సాయంకాలం శ్రోతలకు మనవి చేయదలచినాము. మా వృత్తిలో మేము చేసిన ఒక పొరపాటు కూడా ఆ సీమతో ముడిపడి ఉన్నది. దానినీ దాచకుండా చెప్పుతాము.

విజయవాడనుంచి ఏలూరు పోయే రైలుదారిలో నూజివీడు అనే స్టేషను ఉన్నది. కొత్తవారు అక్కడ దిగి ఊరేదని అడుగుతారు. ఊరు అక్కడ లేదు. స్టేషను హనుమాన్ జంక్షనుకు దగ్గర. నూజివీడు పట్టణం ఉత్తరాన మెట్టమీద, బస్సెక్కి పోవలసినంత దూరాన ఉన్నది. ఆ కొద్దిపాటి ప్రయాణంలోనే నేల మారిపోతుంది. కింద కృష్ణ కాలువలు, నల్లరేగడి, వరిచేలు. పైకి పోయినకొద్దీ ఎర్రనేలలు, గుట్టలు, వాగులు. బుడమేరు, రామిలేరు, తమ్మిలేరు ఈ మెట్టల నీటిని మోసుకొనిపోయి కొల్లేటికి చేరుస్తవి. వానాకాలంలో పొంగి, వేసవిలో ఇసుకపరుపులై కనిపించే వాగులివి. నీరు నిలువని ఈ ఎర్రనేల వరికి ఒప్పలేదు గాని మామిడికి చక్కగా కుదిరినది. మామిడి వేరు లోతుకు పోతుంది; మొదట్లో నీరు నిలిస్తే ఓర్చుకోదు.

2022 ఏప్రిల్‌లో జిల్లాలను విభజించినప్పుడు నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి మండలాలు కృష్ణా జిల్లానుంచి ఏలూరు జిల్లాలో చేరినవి. విస్సన్నపేట, రెడ్డిగూడెం, మైలవరం, తిరువూరు ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినవి. కచేరీలు మారినవి, కాగితాలు మారినవి. కాని ఈదురుగాలి జిల్లా సరిహద్దు చూసి రాదు గనుక, తోటలవారి మాటలలో ఇదంతా ఇంకా ఒకటే సీమ.

ఈ సీమకు పేరు తెచ్చినది రసం. చిన్నరసం, పెద్దరసం అని రెండు విధాలు. కోసి ముక్కలుగా తినే పండు కాదది. అరచేతుల మధ్య మెత్తగా పిసికి, ముచ్చిక తీసి, నోట పెట్టుకొని జుర్రుకోవలసినది. ముక్కలుగా తినడానికి బంగినపల్లి ఉన్నది. దాని పేరు కర్నూలు వైపు బనగానపల్లెదే అయినా, ఇక్కడి తోటలలో విస్తారంగా పండుతుంది. 2017లో బంగినపల్లికి భౌగోళిక గుర్తింపు లభించినది. మూడవది కలెక్టరు. దేశంలో తోతాపురి అని పిలిచే కాయ ఇదే. ఎక్కువభాగం గుజ్జు తీసే కర్మాగారాలకు పోతుంది. రసం ఇంటికోసం, బంగినపల్లి బజారుకోసం, కలెక్టరు కర్మాగారంకోసం అని ఒక రైతు మాకు తేలికగా విడమరిచి చెప్పినాడు.

ఈ ఊళ్ల వార్తలు సేకరించి వారానికొకమారు వినిపించే పని మాకు అప్పగించినప్పుడు, మొదటిసారి వెళ్లి ఒక టీ దుకాణం ముందు కూర్చొని, ఊరి విశేషాలేమిటని అడిగినాము. "విశేషమేమున్నదండీ, ఈ ఏడు పూత ఆలస్యం" అన్నారు. మేము ఆ మాట రాసుకొనలేదు. బడి వార్షికోత్సవం, కొత్త రోడ్డు, గ్రంథాలయానికి వచ్చిన పుస్తకాలు, ఇవి రాసుకొని తిరిగివచ్చి వినిపించినాము. మరుసటి వారం అదే దుకాణంలో ఒకాయన నవ్వుతూ, "అన్నీ చెప్పినారు గాని అసలు సంగతి వదిలిపెట్టినారు" అన్నాడు. పూత ఆలస్యమైతే కాయ ఆలస్యం. కాయ ఆలస్యమైతే కోత వానలలోకి పోతుంది. వానలో కోసిన కాయకు ధర ఉండదు. ధర లేకపోతే ఆ ఊళ్లో పెళ్లిళ్లు, ఇళ్ల పైకప్పులు, పిల్లల కాలేజీ జీతాలు ఆగుతవి. ఆ ఒక్క మాటలో ఊరి వార్తలన్నీ ఉన్నవని మాకు అప్పుడు తెలిసినది.

పంచాంగానికి ఏడాది ఉగాదితో మొదలు. తోటకు ఆషాఢంతో మొదలు. కోతలు ముగిసి, కాపలా పాకలు విప్పివేసిన తరువాత ఎండుకొమ్మలు నరికి, చెట్టు లోపలికి వెలుతురు పోయేటట్లు కొమ్మలు సవరించి, పాదులు చేసి ఎరువు వేస్తారు. శ్రావణంలో చిగుళ్లు వస్తవి. వినాయకచవితినాడు పూజించే 21 పత్రాలలో మామిడాకు ఒకటి గనుక, పట్నాలలో డబ్బిచ్చి కొనుక్కునే ఆకును ఇక్కడ పిల్లలు పరుగెత్తి తెచ్చుకుంటారు. దసరా దాటినాక రైతు చెట్టుకు నీరు కట్టడం మానివేస్తాడు. చూచేవారికి అది నిర్దయగా తోస్తుంది. కాని ఆ రెండు మూడు నెలలు చెట్టు కొంత ఎండితేనే మొగ్గ పూతగా మారుతుంది. తడి తగిలితే అదే మొగ్గ ఆకుగా మారిపోతుంది. అందుచేత మార్గశిరంలో తుపాను వస్తే డెల్టా రైతు కోసిన వరిపనలను చూసి కంటతడి పెడతాడు. మెట్ట రైతు చెట్టు చిటారుకొమ్మను చూసి దిగులుపడతాడు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల వద్ద తీరం దాటినప్పుడు మేము ఈ రెండు దిగుళ్లనూ విన్నాము.

ధనుర్మాసంలో పూత తొంగిచూస్తుంది. సంక్రాంతికి వచ్చిన అల్లుణ్ణి మామగారు పండుగ పలహారం కాగానే తోటలోకే తీసుకొనిపోతాడు. పొగమంచు పట్టిన ఉదయాలలో పూతమీద తేనెమంచు పురుగు చేరుతుంది. లేత గుత్తుల రసం పీల్చి, జిగట ద్రవాన్ని ఆకులమీద చిలుకుతుంది. దానిమీద మసి పడుతుంది. బూడిద తెగులు, తామరపురుగు వేరు. ఈ రోజులలో తెల్లవారుజామున నిద్రలేపేది కోడి కాదు, మందుకొట్టే యంత్రాల చప్పుడు. వేల పూలున్న గుత్తికి చివరకు ఒకటిరెండు కాయలు నిలిస్తే అది మంచి కాపే. ఈ లెక్క తెలిసినవారు గనుక, పూత ఎంత నిండుగా ఉన్నా ఇక్కడివారు గట్టిగా సంతోషించరు.

మాఘ శుద్ధ సప్తమికి ఆగిరిపల్లిలో శోభనాచలస్వామి తిరునాళ్ల. చుట్టుపక్కల ఊళ్లన్నీ కొండకిందకు చేరుతవి. నూజివీడు జమీందారుల వంశంలో శోభనాద్రి అనే పేరు తరతరాలుగా వినిపించడానికి ఈ కొండమీది స్వామియే కారణమంటారు. తిరునాళ్లలో బొమ్మలు, గాజులు, జీళ్లు కొనుక్కుంటూ ఒకరి తోట సంగతి ఒకరు అడుగుతారు. అది పూత నిండుగా ఉండే కాలం; తోటలను గుత్తకు మాట్లాడుకునే కాలం కూడా.

ఈ గుత్త సంగతి పట్నపు శ్రోతలకు కొంచెం వివరంగా చెప్పవలెను. చాలామంది రైతులు కాయను తామే కోసి అమ్ముకోరు. చెట్టుమీద పూత ఉండగానే, లేదా పిందె కట్టగానే, ఆ ఏటి కాపును ఒక మొత్తానికి గుత్తదారుకు ఇస్తారు. డబ్బు వాయిదాలమీద ముడుతుంది: కొంత మాట కుదిరినప్పుడు, కొంత పిందె నిలిచినప్పుడు, మిగిలినది కోతలో. ఆనాటినుంచి కాపలా, మందులు, కోత కూలీ గుత్తదారువే. రైతు చేతికి ముందుగా డబ్బు వస్తుంది; ధర పెరిగితే ఆ లాభం మాత్రం అతనిది కాదు. గుత్తదారు కంటికి కనిపించని కాయను కొంటున్నాడు. పూతకూ కోతకూ నడుమ మంచు, పురుగు, ఎండ, అన్నిటికంటె ముఖ్యంగా గాలి ఉన్నవి. ఇంత పెద్ద బేరానికి చాలాచోట్ల సరియైన పత్రం కూడా ఉండదు. మాటే పత్రం.

ఇక మా పొరపాటు. కొన్నేళ్ల కిందట ఏప్రిల్ నెలలో ఒక సోమవారం నాడు ఈ సీమలో ఒక తోటకు వెళ్లినాము. రైతుకు డెబ్బై ఏళ్లుంటవి. నాలుగెకరాల తోట. పూతమీదనే గుత్తకిచ్చినాడు. మూడు వాయిదాలలో రెండు ముట్టినవి. మూడవ వాయిదా సొమ్ముతో జ్యేష్ఠంలో మనుమరాలి పెళ్లి చేయాలని సంకల్పం. ఆయన మాటలను యంత్రంలో పట్టుకొనినాము. ఈ ఏడు కాపు బాగున్నదనీ, పెళ్లి వైభవంగా చేస్తామనీ ఆయన నిండు నోటితో చెప్పినాడు. ఆ ప్రసంగం వినిపించవలసినది శుక్రవారం సాయంకాలం. బుధవారం రాత్రి ఈదురుగాలి వచ్చినది. తెల్లవారేసరికి ఆ తోటలో కాయ చాలామటుకు నేలమీద ఉన్నది. మాకు ఆ సంగతి తెలియదు. తెలుసుకొనవలెనన్న ఆలోచన కూడా రాలేదు. శుక్రవారం సాయంకాలం, రాలిన కాయల కుప్పల మధ్య కూర్చొని, ఆ ఇంటిల్లపాదీ రేడియోలో కాపు బాగున్నదన్న ఇంటిపెద్ద గొంతు విన్నారు.

సంగతి తెలిసి ఆదివారంనాడు వెళ్లినాము. వాకిట్లో ఆడవారు పుల్లకాయను ముక్కలు కోసి ఒరుగులకు ఎండబెడుతున్నారు. గాలికి రాలిన కాయను ఏ ధరకు అడిగితే ఆ ధరకు ఇవ్వవలసినదే గనుక, మిగిలినదానిని ఇలా దాచుకుంటారు.

"బాబాయిగారూ, తప్పు మాదే" అన్నాము.

"కూర్చోండి బాబూ. నేనన్న మాటే గదా మీరు వినిపించినారు" అన్నాడాయన. కొంతసేపటికి మళ్లీ ఆయనే, "సోమవారం నాడు ఆ మాట నిజమే. శుక్రవారానికి కాదు. మీ రేడియో విని పెళ్లివారు ఫోను చేసినారు, కాపు బాగున్నదటగా బావగారూ అని. వాళ్లకేమని చెప్పను?" అన్నాడు.

మేము బదులు చెప్పలేకపోయినాము. ఇంతలో గుత్తదారు వచ్చినాడు. నడివయసువాడు, కళ్లు చూస్తే రెండు రాత్రులు నిద్రలేనట్లున్నది. ఇద్దరూ కలిసి తోటంతా తిరిగినారు. మేము వెనుకనే నడిచినాము. ఎక్కడా పెద్దమాట లేదు. ఒక చెట్టుకింద నిలిచి గుత్తదారు, "మావయ్యా, ఇచ్చినది తిరిగి అడగను. ఇవ్వవలసినది మొత్తం ఇవ్వలేను" అన్నాడు. ముసలాయన కొంత ఆలోచించి, "సగం ఇయ్యరా అబ్బాయ్. నువ్వూ పిల్లలు గలవాడివి" అన్నాడు. అంతటితో తీర్మానమైనది. పెళ్లి జ్యేష్ఠంనుంచి శ్రావణానికి జరిగినది. పెళ్లివారికి కబురు చెప్పడానికి ఆయన ఫోను చేయలేదు. బస్సెక్కి స్వయంగా వెళ్లినాడు.

ఆనాటినుంచి మేము ఒక కట్టుబాటు పెట్టుకొనినాము. తోట సంగతి, వాగు సంగతి, ధర సంగతి ముందురోజు పట్టుకొనినది వినిపించము. ప్రసంగం ఉన్ననాటి మధ్యాహ్నం ఊరికి ఫోను చేసి, ఉన్నది ఉన్నట్లుగా అడిగి, సరిచూచుకొని చదువుతాము. చిన్న పనే. ఆ చిన్న పని చేయకపోవడంవలన ఒక ఇంట్లో ఏమి జరిగినదో చూచినాము గనుక మరువలేము.

శివరాత్రికి పిందె, ఉగాదికి పచ్చడిలోకి పుల్లముక్క, శ్రీరామనవమి దాటగానే ఆవకాయ సన్నాహాలు. టెంక గట్టిపడిన కాయ ముక్కలకు కావలెను. కత్తిపీటకంటె ఆవకాయ కత్తి గలవారికి ఆ నాలుగు వారాలూ ఊళ్లో గొప్ప గౌరవం. ఆ తరువాత కోతలు. ఎండ ముదరకముందే చిక్కం కట్టిన గెడలతో కాయను దింపుతారు. కొంత కాడ ఉంచి కోస్తారు. కాడ విరిగితే సొన కారి తొక్కమీద నల్లని మచ్చ పడుతుంది, చేతిమీద పడితే పొక్కుతుంది. నీడలో బోర్లించి సొన కారనిచ్చి, ఆగిరిపల్లి దగ్గర ఈదర బజారుకో, విజయవాడ పక్కన నున్న బజారుకో పంపుతారు. అక్కడనుంచి లారీలు ఉత్తరాదికి సాగుతవి. 2020 వేసవిలో మహమ్మారి కారణంగా దేశమంతటా రాకపోకలు నిలిచినప్పుడు, ఆ లారీలకోసం, ఉత్తరాది వర్తకులకోసం ఎదురుచూచిన రోజులు ఇక్కడివారికి బాగా జ్ఞాపకం. ఆ ఏడు గాలి వార్తకంటె దారి వార్త పెద్దదైనది.

ఎక్కడో జరిగిన సంగతి ఈ ఎర్రనేలదాకా ఎలా వస్తుందో మరొక ఉదాహరణ. 2014 మే నెలలో ఐరోపా సమాఖ్య దేశాలు మన మామిడిని రానీయకుండా ఆపినవి. అక్కడికి చేరిన సరుకులో పండు ఈగ పిల్లపురుగులు కనిపించడమే కారణం. 2015 జనవరిలో ఆ అడ్డు తొలగినది. ఈగ పండులో పెట్టిన గుడ్డు కంటికి ఆనదు. పండు చేరవలసిన దేశం చేరినాక పురుగు బయటపడుతుంది. రాలిన కాయలను తోటలో కుళ్లనీయకుండా ఏరి పూడ్చమని, కాయకు కాగితపు సంచి తొడగమని, ఈగలకు ఎర బుట్టలు కట్టమని చెప్పే మాటలకు అప్పుడు కొత్త బలం వచ్చినది. మాగవేయడమూ అంతే. వెనుక వరిగడ్డిలో పరచి మాగవేసేవారు. నడుమ కార్బైడు వచ్చినది; చట్టం దానిని నిషేధించినది. 2016లో ఆహార భద్రతా సంస్థ, మితమైన పాళ్లలో ఎథిలీన్ వాయువుతో మాగబెట్టడానికి అనుమతి ఇచ్చినది.

కలెక్టరు కాయ కథ వేరు. దాని ధర కర్మాగారం చేతిలో ఉన్నది. 2025 వేసవిలో రాష్ట్రంలో, ముఖ్యంగా చిత్తూరు వైపు, ఆ కాయ ధర బాగా పడిపోయినప్పుడు రాష్ట్ర ప్రభుత్వం కిలోకు 4 రూపాయలు కలిపి ఇచ్చినది. కేంద్రం క్వింటాలుకు 1,490 రూపాయల 73 పైసల చొప్పున ధర నిర్ణయించి, 1,62,000 టన్నులవరకు సహాయానికి ఒప్పుకొనినది. ఇటువంటి వార్త రైతుకు కోతకు ముందు తెలిస్తే ఒక విధం, కాయ అమ్ముకొనిన తరువాత తెలిస్తే మరొక విధం.

ఇప్పుడు ప్రతి ఇంటా ఫోను ఉన్నది. 2019లో వాతావరణశాఖవారు రైతులకోసం మేఘదూత్ అని ఒక ఫోను సాధనాన్ని కూడా ఏర్పరచినారు. కాళిదాసు యక్షుడు మేఘంతో కబురు పంపినాడు; ఇప్పుడు మేఘం కబురే ముందుగా వస్తున్నది. ఇది మంచికే. కాని అదే ఫోనులో, బజారు పడిపోయినదట, రేపటినుంచి కొనరట అన్న మాటలు కూడా వస్తవి. ఎవరన్నారో తెలియదు, ఎందుకన్నారో తెలియదు. అది విని పచ్చికాయను తొందరపడి దింపుకొని నష్టపోయినవారు మాకు ఎదురైనారు. గాలికబురుకు పాత అర్థం కూడా ఇంకా పోలేదన్నమాట.

వరుసగా రెండు మూడేళ్లు కాపు తప్పిన చోట పెద్ద చెట్లు కొట్టి ఆయిల్‌పామ్ వేసినవారున్నారు, మొక్కజొన్న వేసినవారున్నారు. వారిని తప్పుపట్టే హక్కు మనకు లేదు. తాత నాటిన చెట్టును ఎవరూ సంతోషంగా కొట్టరు. మందు ధర, కూలి ధర, గాలి, బజారు, ఇవన్నీ ఒకే మనిషి భుజంమీద పడినప్పుడు గొడ్డలి పైకి లేస్తుంది. ఆ భారంలో పాలుపంచుకొనడానికి సకాలంలో అందిన ఒక నిజమైన మాట కొంతవరకు ఉపకరిస్తుంది. మా చేతిలో ఉన్నది అదొక్కటే.

ఆ పెద్దాయన తోట ఇంకా ఉన్నది. మేము ఫోను చేయడం ఒక్కొక్కప్పుడు ఆలస్యమైతే ఆయనే చేస్తాడు. పోయిన వేసవిలో ఒకనాటి సాయంకాలం ప్రసారానికి గంటముందు ఆయన గొంతు వినిపించినది. "బాబూ, పడమట మబ్బు పట్టినది. మీ కాగితంమీద ఏమి రాసుకొనినారో గాని, చూచి చదవండి" అన్నాడు. ఆనాడు రాసుకొనిన కాగితం పక్కన పెట్టి, గాలి రావచ్చునన్న మాటతోనే ఊళ్ల వార్తలు మొదలుపెట్టినాము.